ఆపేసిన ఫోను చదివిన మెసేజి

“మీ ఆవిడ ఇంట్లో లేదన్న సంగతి మీకు ఎన్నింటికి తెలిసింది?”

“సాయంత్రం ఏడు దాటాకండీ.”

“ఆవిడ గడప దాటింది పొద్దున తొమ్మిదికి. అంతసేపూ ఇంట్లో ఒక్కరికీ అనుమానం రాలేదా?”

“ఎలా వస్తుందండీ? ఫోనులో ఇంట్లోనే ఉన్నట్టు చూపిస్తుంటే!”

భర్త ఆ మాట ఎంత మామూలుగా అన్నాడంటే, పొయ్యి గట్టుకు ఆనుకుని నిలబడ్డ అతని భార్య అక్కగారికి ఒళ్ళు మండిపోయింది.

“మనిషి ఉందో లేదో వంటింట్లోకి వచ్చి చూసుకోవాలి గానీ ఫోనుని అడుగుతారా మరిదిగారూ?”

“మా ఇంట్లో అదే అలవాటు వదినా. అన్నయ్య అందరికీ ఒకే కంపెనీ ఫోన్లు కొనిపెట్టాడు కదా. ఎవరెక్కడున్నారో మ్యాపులో అందరికీ చుక్కల్లా కనపడుతుంది. తన చుక్క ఇంటి మీదే ఉంది. ఇంట్లో ఉన్నవాళ్ళు తను పైగదిలో పడుకుందనుకున్నారు. గోదాములో ఉన్న మేమేమో ఇంట్లో ఉందనుకున్నాం.”

అక్కగారి తరఫున ప్రశ్నలడుగుతున్న డిటెక్టివ్ ముక్కు మీదికి జారిన లావు కళ్ళద్దాలు పైకి తోసుకుంది. ఆ చుక్క కథ ఆమెకు నిన్ననే అర్థమైంది. ఆ తెలివికి మనసులోనే చప్పట్లు కొట్టింది కూడా.

కనిపించకుండా పోయిన చెల్లెలు ఈ ఇంటి చిన్న కోడలు. వీళ్ళ మందుల గోదాములో సరుకు తనిఖీ చేసేది. పిల్లల దగ్గు మందు సీసాల మీద గడువు దాటిన తేదీలు చెరిపి కొత్త తేదీలు ముద్రిస్తున్నారని ఆమె కంట పడింది. ఆ పని చేయిస్తున్నది ఆమె బావగారే, అంటే భర్తకు అన్న. రేపు పొద్దున మేజిస్ట్రేటు ముందు ఆమె వాంగ్మూలం ఇవ్వాలి. అందుకని మూడు రోజుల ముందే ఇల్లు వదిలిపోయింది. పోయేముందు చేసిన పని, ఫోను మార్చడం. మ్యాపులో చుక్క కాకుండా ఉండాలని ఇంకో రకం కంపెనీ ఫోను కొనుక్కుని, సిమ్ము, నంబర్లు, ఫోటోలు అందులోకి మార్చేసుకుంది. అక్కగారే కొట్టుకి తోడు వెళ్ళింది. పాత ఫోనుని మాత్రం ఆపకుండా, ఛార్జరుకి పెట్టి, ఇంట్లోనే ఎక్కడో దాచేసి పోయింది. మనిషి వెళ్ళిపోయినా చుక్క ఇంట్లోనే ఉండిపోయింది.

అంతవరకూ బాగానే ఉంది. ఎక్కడికి పోయిందో కూడా డిటెక్టివ్ నిన్న పట్టేసింది. కాలేజీ స్నేహితురాలికి రెండు గంటల దూరంలో పూలమొక్కల నర్సరీ ఉంది. అక్కగారు ఆ స్నేహితురాలికి ఫోను చేసి అడిగితే, “అయ్యో, ఇక్కడికి రాలేదండీ, అసలు రానే రాలేదు, ఎందుకొస్తుంది?” అని ఒక్క ‘లేదు’ చాలే చోట మూడు చెప్పింది. స్పీకరులో వింటున్న డిటెక్టివ్, “ఉంది. అక్కడే ఉంది” అంది.

ఈ పొద్దున పదింటికి అక్కగారి చేత చెల్లెలికి ఒక మెసేజి పంపించింది. మూడు రోజులుగా ఉలుకూ పలుకూ లేని చెల్లెలి దగ్గర్నుంచి పది నిమిషాల్లో “సరే” అని జవాబొచ్చింది. అక్కగారు ఆ ఒక్క మాటకే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నాలుగింటికి నర్సరీకి చేరుకుంటే చాలు. ఇప్పుడు ఒంటిగంటన్నర. బయల్దేరేలోపు చెయ్యాల్సినవి రెండు. ఈ భర్త కదలకుండా కళ్ళ ముందు ఉంచుకోవడం ఒకటి, పాత ఫోనుని వీళ్ళ కంట పడకముందే తీసేసుకోవడం ఇంకొకటి.

“మంచినీళ్ళు తాగుతానండీ,” అని డిటెక్టివ్ లేచింది. నీళ్ళు తాగుతూ వంటిల్లంతా ఒకసారి చూసింది.

మిక్సీ వైరు గోడకి వేలాడుతోంది. అది పెట్టాల్సిన ప్లగ్గులో ఏదో ఛార్జరు ఉంది. సన్నటి తెల్ల వైరు గోడ మూల వెంబడి పైకి పాకి, పై అరలో డబ్బాల వెనక్కి పోయింది. డబ్బాలన్నీ పెద్దవి ముందు, చిన్నవి తర్వాత వరసగా ఉన్నాయి. ఒక్క పిండి డబ్బా మాత్రం ఆ వరసలో లేదు, చిన్న డబ్బాల మధ్య దూరి కూర్చుంది. మూత కూడా వంకరగా బిగించి ఉంది.

డిటెక్టివ్ స్టూలెక్కింది. డబ్బా జరిపింది. అర మీద పరిచిన కాగితం, దాని మీద వైరు కొస. ఫోను లేదు.

ఛార్జరు పట్టుకుని చూసింది. చల్లగా ఉంది.

ఈ వంటిల్లు నడిపే మనిషి ఆ డబ్బాని అలా పెట్టదు. వంటింటి సంగతి తెలియని చెయ్యి ఎవరిదో లోపల పెట్టి వెతికింది. అదీ ఇవాళో ఇందాకో కాదు.

“ఏమిటండీ వెతుకుతున్నారు?” అన్నాడు భర్త. అతని గొంతులో ఆశ్చర్యం లేదు. అడగాలి గనక అడిగినట్టుంది.

జవాబు చెప్పేలోపు వీధి తలుపు చప్పుడైంది.

“నేను చెప్పలా? మా మేడమ్ ఎక్కడుంటే అక్కడ స్టూలు మీదే ఉంటారు!”

ఇన్‌స్పెక్టరు టోపీ చంకలో పెట్టుకుని గుమ్మంలో నిలబడి నవ్వుతున్నాడు. పన్నెండేళ్ళ కిందట ఇతనికి వేలిముద్రలు తీయడం నేర్పింది డిటెక్టివే. అప్పట్లో ఆమె స్టేషన్లో పై అధికారి. ఉద్యోగం మానేసి సొంతంగా ఆఫీసు తెరిచాక, అతను ‘మేడమ్’ అనే మాటని ఒక రకంగా సాగదీసి పలకడం మొదలుపెట్టాడు.

“దిగండి మేడమ్, పడతారు. ఈ వయసులో విరిగితే అతకదు.”

“నా ఎముకల సంగతి నేను చూసుకుంటాలే. నువ్వెందుకొచ్చావ్?”

“వీళ్ళ అన్నగారు ఫోను చేశారు. పరాయి మనుషులెవరో ఇంట్లోకి వచ్చి తమ్ముణ్ణి సతాయిస్తున్నారని. ఎవరా అని చూస్తే మీరు.”

“అన్నగారు ఎక్కడున్నారు?”

“ఆయనేదో పని మీద బయట ఉన్నారట. చూడండి మేడమ్, ఈ కేసులో ఏమీ లేదు. భార్యాభర్తల గొడవ. ఆవిడ తనంతట తాను వెళ్ళింది. బతికే ఉంది. నిక్షేపంగా ఉంది.” అక్కగారి వైపు తిరిగాడు. “మీరే చూపించారు కదమ్మా నిన్న? ఒకసారి మళ్ళీ ఇవ్వండి ఆ ఫోను.”

అక్కగారు డిటెక్టివ్ ముఖంలోకి చూసింది. ఇవ్వనా వద్దా అన్నట్టు. ఈలోపే అతను ఆమె చేతిలోంచి ఫోను అందుకున్నాడు.

“ఇదిగో. ‘ఎక్కడున్నావే?’ కింద ‘చదివారు’. ‘ఒక్కసారి పలకవే, అమ్మ అన్నం ముట్టడం లేదు.’ కింద ‘చదివారు’. ఇవాళ పొద్దున చూడండి, ‘సరే’ అని జవాబు కూడా. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? పాపం మీరు ఏడుస్తుంటే ఆవిడ అక్కడ కాళ్ళు చాపుకుని చదువుకుంటోంది.”

అతను పైకి జరిపి పొద్దుటి మెసేజి చదవబోయాడు. భర్త మెడ సాచి చూస్తున్నాడు. డిటెక్టివ్ ఒక్క అంగలో స్టూలు దిగి ఫోను లాక్కుంది.

“ఆవిడ నంబరుకి నువ్వు ఫోను చేశావా?” అనడిగింది.

“రోజుకి నాలుగుసార్లు. స్విచాఫ్.”

“కంపెనీ వాళ్ళనడిగావా?”

“అడక్కుండా ఉంటానా? మీ శిష్యుణ్ణి. ఇల్లు వదిలిన పొద్దున నుంచి ఇప్పటిదాకా ఆ నంబరు ఏ టవరు మీదికీ రాలేదు. ఫోను తెరిస్తే ఎక్కడుందో తెలిసిపోతుందని భయమేమో, అసలు తెరవనే లేదు.”

ఆ చివరి మాట అతని నోట్లోంచి మామూలుగా వచ్చేసింది. డిటెక్టివ్ మాత్రం అక్కడే ఆగింది.

“తెరవని ఫోను మెసేజి ఎలా చదివిందయ్యా?”

ఇన్‌స్పెక్టరు నవ్వు ఆగలేదు గానీ, కాస్త తగ్గింది. “సిమ్ము తీసేసి వైఫై మీద చదువుతోందేమో. ఈ కాలం పిల్లలకి ఇవన్నీ మంచినీళ్ళ ప్రాయం.”

కావచ్చు. అలాగే అయితే బాగుండును. డిటెక్టివ్ అక్కగారి వైపు తిరిగింది. “ఆ ఫోను కొన్న కొట్టు నంబరు ఉందా మీ దగ్గర?”

ఉంది. స్పీకరులో రెండోసారికే పలికాడు కొట్టతను. వెనక ఎవరో బేరమాడుతున్నారు.

“ఆ, గుర్తున్నారండీ. అక్కాచెల్లెళ్ళిద్దరూ వచ్చారు. ఒకావిడ కుర్చీలో కూర్చుని కునుకు తీశారు.”

“అది నేనే,” అంది అక్కగారు చిన్నగా.

డిటెక్టివ్ అంది: “నాకొక్క సందేహం బాబూ. అక్కగారిది పాత కంపెనీ ఫోనే. చెల్లెలు వేరే రకానికి మారింది. ఇప్పుడు అక్క మెసేజి పెడితే ఎక్కడికి వెళ్తుంది?”

“పాతదాంట్లో మెసేజి సర్వీసు ఆపించారాండీ?”

“ఆపించకపోతే?”

“అయితే పాత ఫోనుకే పోతుందండీ. ఆ కంపెనీ వాళ్ళు వాళ్ళలో వాళ్ళు పంపుకునేవి సిమ్ము మీద వెళ్ళవు, ఇంటర్నెట్టు మీద వెళ్తాయి. సిమ్ము తీసేసినా, ఆ నంబరు ఇంకా పాత ఫోనుదే అనుకుంటుంది అది. వైఫై ఉంటే చాలు, అక్కడే దిగుతాయి. కొత్తదాంట్లోకి ఒక్కటీ రాదు. అందరూ చేసే పొరపాటే అండీ ఇది, రోజుకొకరైనా వచ్చి నాతో పోట్లాడతారు. మీ చెల్లెలు గారికి చెప్పానండీ నేను, అది ఆపాకే మారండమ్మా అని. ఆవిడే ఒప్పుకోలేదు. ‘దాంట్లో ఏదీ ఆపొద్దు, నేను ఇంకా అదే వాడుతున్నట్టు ఉండాలి’ అన్నారు. హలో? వింటున్నారాండీ?”

విన్నారు. అందరూ విన్నారు.

డిటెక్టివ్ చేతిలో ఉన్న ఫోను వైపు చూసింది. పొద్దున తను కుర్చీలో వెనక్కి వాలి, టీ తాగుతూ, ఒక్కో మాటా చెప్పి అక్కగారి చేత రాయించిన మెసేజి అలాగే ఉంది.

“నువ్వు నర్సరీలో ఉన్నావని తెలుసు. కదలకు. సాయంత్రం నాలుగింటికి డిటెక్టివ్ గారు వచ్చి నిన్ను తీసుకొస్తారు. పొట్టి జుట్టు, లావు కళ్ళద్దాలు. ఆవిడతో తప్ప ఎవరితోనూ రావద్దు.”

కింద, ‘చదివారు’. దాని కింద, “సరే”.

చెల్లెలు ఎక్కడుందో, ఎన్నింటికి ఎవరొస్తారో, ఎలా ఉంటారో అన్నీ విడమరిచి రాయించింది తనే. ఒక్కటీ మిగల్చలేదు. మూడు రోజులుగా ఈ ఇంటివాళ్ళు ఏం వెతికి పట్టుకోలేకపోయారో అది తను వెతికి పట్టుకుని, తీసుకెళ్ళి వాళ్ళ చేతిలో పెట్టింది.

“ఎవరు తీశారు?” అంది, భర్త వైపు తిరిగి. ఆ గొంతు ఆమెకే పరాయిగా వినిపించింది. “పిండి డబ్బా వెనక ఉన్న ఫోను ఎవరు తీశారు?”

భర్త పై అర వైపు చూశాడు.

“అన్నయ్య,” అన్నాడు. “ఆ రాత్రే. అందరం వెతుకుతుంటే అన్నయ్య, ఉండండి, చుక్క ఇంట్లోనే ఉంది కదా, ఫోను మోగిద్దాం అన్నాడు. మ్యాపులోనే ఉంటుంది కదండీ, నొక్కితే మోగుతుంది. ఈ డబ్బాల వెనక మోగింది.”

“దాని తాళం తీసే నంబరు ఎవరిచ్చారు?”

అతను తల దించుకున్నాడు.

“నువ్వు చెప్పావా?” అంది అక్కగారు. ఆ ‘మీరు’ ఎటు పోయిందో పోయింది. “మా చెల్లి నీ దగ్గర ఏదీ దాచదు కదా, ఆ నంబరు కూడా దాచలేదు. అది తీసుకెళ్ళి వాడికిచ్చావా?”

“అన్నయ్య అడిగితే లేదని ఎప్పుడూ అనలేదు వదినా.” అతను చేతులు చూసుకుంటున్నాడు. “ఊరికే మాట్లాడి ఒప్పిస్తానన్నాడు. ఇంటికి తెచ్చేస్తే గొడవ సద్దుమణుగుతుందన్నాడు. నేను నమ్మాను. పొద్దున పదిన్నరకి కారు తీశాడు. ఎక్కడికన్నయ్యా అంటే, నువ్వు ఇంట్లోనే ఉండు, నీ కోసం ఎవరో ఒకరు వస్తారు, వాళ్ళతో మాట్లాడుతూ కూర్చో అన్నాడు.”

డిటెక్టివ్‌కి అప్పుడు అర్థమైంది. ఈ మనిషిని తను కదలకుండా కూర్చోబెట్టాననుకుంది. ఇతన్ని ముందు పెట్టి, తనని ఇక్కడ కూర్చోబెట్టారు.

“ఇన్‌స్పెక్టరు గారూ,” అంది. ఎప్పుడూ అనని ‘గారు’ అది. “ఆవిడ స్నేహితురాలి నర్సరీలో ఉంది. ఆ పక్కనే మీ ఔట్‌పోస్టు ఉంది. ఇప్పుడే మనుషుల్ని పంపించు. నీకు దండం పెడతాను.”

“అలా ఎలా మేడమ్? ఆయనెంత పెద్దమనిషి! ఫిర్యాదు ఉండాలి, కాగితం ఉండాలి...”

“కాగితం నేను రాస్తాను. నువ్వు ఎలా చెబితే అలా రాస్తాను. ముందు ఫోను చెయ్యి. నీకు పాఠం చెప్పినదాన్ని, అడుక్కుంటున్నాను.”

అతని ముఖంలో ఎకసెక్కం మాయమైంది. ఆమెను ఈ తీరులో అతను ఎన్నడూ చూడలేదు. జేబులోంచి ఫోను తీసి, గుమ్మం అవతలికి వెళ్ళి మాట్లాడాడు. లోపలికి ముక్కలుగా వినిపిస్తోంది. “ఎంతమందున్నారు?... ఇద్దరేనా?... బండేది?... రిపేరుకిచ్చారా? మరి ఇంకేదన్నా... అది కాదయ్యా, ఎవరి బండైనా అడిగి తీసుకో! నేను చెప్పానని చెప్పు!”

ఈలోపు అక్కగారు నర్సరీకి ఫోను కలుపుతూనే ఉంది. మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. మధ్యాహ్నం వేళ మొక్కలకి నీళ్ళు పెట్టే మోటారు వేస్తే పక్కన పిడుగు పడ్డా వినపడదని స్నేహితురాలే ఒకసారి చెప్పిందట. మళ్ళీ కలిపింది. మళ్ళీ మోగి మోగి ఆగిపోయింది. చెల్లెలి కొత్త ఫోనుకి చేసింది. స్విచాఫ్.

“ఏదో ఒకటి చెయ్యండి మేడమ్,” అంది అక్కగారు. “మీరు చెప్పినట్టే చేశాను కదా. మీరు చెప్పిన మాట చెప్పినట్టే రాశాను కదా.”

అందులో నిష్ఠూరం లేదు. ఉంటే భరించడం తేలికయ్యేది. డిటెక్టివ్ కారు తాళాలు తీసుకుంది. రెండు గంటల దారి. అవతలివాళ్ళు బయల్దేరి మూడు గంటలయింది. చిన్న పిల్లలు చేసే ఈ లెక్క ఆమె మూడుసార్లు చేసింది. మూడుసార్లూ అదే వచ్చింది. అయినా తలుపు వైపు నడిచింది, ఊరికే నిలబడలేక.

గుమ్మం దాటబోతుంటే వెనక ఫోను మోగింది.

“చెల్లి!” అంది అక్కగారు. “తన నంబరే! తనే చేస్తోంది!”

డిటెక్టివ్ పరుగున వెనక్కొచ్చింది. స్పీకరు నొక్కమని సైగ చేసి, పెదవుల మీద వేలు పెట్టింది. ఇన్‌స్పెక్టరు కూడా గుమ్మంలో ఆగిపోయాడు.

“అక్కా!” చెల్లెలి గొంతు. గాలి చప్పుడు, కారు ఇంజను చప్పుడు. “ఇప్పుడే ఫోను తెరిచానే. ఇన్నాళ్ళూ భయంతో తెరవలేదు. తెరిస్తే నీ దగ్గర్నుంచి ఒక్క మెసేజి కూడా లేదేమిటే? నన్ను మర్చిపోయావేమో అనుకున్నా.”

అక్కగారు డిటెక్టివ్ వైపు చూసింది.

“పోన్లే, ఇంకేం బెంగలేదు. నువ్వు పంపిన డిటెక్టివ్ గారు వచ్చేశారు. నాలుగింటికి రావాల్సింది, తొందరగా వచ్చారట. నువ్వు నాకు పెట్టిన మెసేజి ఆవిడ ఫోనులో చూపించారు, అందుకే నమ్మాను. అచ్చం నువ్వు రాసినట్టే ఉన్నారు. ఎంత మంచావిడో! దారంతా నవ్విస్తూనే ఉన్నారు.”

భర్త రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. డిటెక్టివ్ తల అడ్డంగా ఆడించింది. చెప్పొద్దు, దిగమనొద్దు, వినపడుతుంది. కదులుతున్న కారులో, పక్కనే ఉన్న మనిషికి వినపడుతుంది. అక్కగారి చేయి పట్టుకుని, చెవిలో ఊపిరిలాగా అంది: “ఎక్కడున్నారో అడగండి. మామూలుగా.”

“ఎ... ఎక్కడిదాకా వచ్చారే?”

“ఏమో, నాకీ దారులు తెలీవు. ఉండు, ఆవిడే మాట్లాడతారట.”

ఫోను చేతులు మారిన చప్పుడు. ఆ తర్వాత నిదానమైన, ఆప్యాయమైన ఆడగొంతు.

“నమస్కారమండీ, నేను డిటెక్టివ్‌ని. మీరు ఇంక ఏ బెంగా పెట్టుకోకండి. మీ చెల్లెలు నా దగ్గరుంది. రేపు పొద్దున ఎక్కడికీ వెళ్ళాల్సిన పని కూడా లేదు.”

అక్కగారు పొయ్యి గట్టు మీదికి వాలిపోయింది. డిటెక్టివ్ ఒక చేత్తో ఆమెను పట్టుకుని, ఇంకో చేత్తో ఫోను పట్టుకుంది. ఇన్‌స్పెక్టరు తన ఫోనులో ఎవరికో టవరు, టవరు అంటూ గుసగుసగా అరుస్తున్నాడు. స్పీకరులోంచి చెల్లెలి గొంతు మళ్ళీ, ఈసారి దూరంగా, పక్కనున్న మనిషితో అంటున్నట్టు వినిపించింది.

“డిటెక్టివ్ గారూ, బోర్డు మీద మన ఊరు అటని ఉంది కదండీ? ఇటు తిప్పారేమిటి?”

వంటింట్లో ఉన్న డిటెక్టివ్ జవాబు చెప్పబోయింది. లైను తెగిపోయింది.